తప్పు సైగ

ఆ వేసవంతా నేను ఒకే ముఖానికి పటాలు కట్టాను.

ఎండలు ముదరకముందే బిషప్ గారు పోయారు. నిద్రలోనే పోయారట. ఆ కబురు వచ్చేసరికి నేను షాపులో అద్దం కోస్తున్నాను. గీత సగంలో ఆపితే అద్దం అడ్డదిడ్డంగా పగులుతుంది. అందుకని గీత చివరిదాకా లాగి, బల్ల అంచున పెట్టి విరిచి, అప్పుడు తలెత్తాను. నేను బాబాయి అని పిలిచే షాపు యజమాని ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు.

"మీ బిషప్ గారేనే," అన్నాడు.

"ఊఁ," అన్నాను.

ఇంకో అద్దం తీసుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు.

మర్నాటి నుంచే జనం రావడం మొదలుపెట్టారు. బళ్ళకి, ఆసుపత్రికి, నన్స్ ఉండే మఠానికి, ఇళ్ళకి ఆయన పటం కావాలి. అందరిదీ ఒకే ఫొటో. తెల్లటి నిలువుటంగీ, మెడలో శిలువ, రెండు చేతులూ జోడించి ఎటో పైకి చూస్తుంటారు. ఆయన అలా పైకి చూడడం నేనెప్పుడూ ఎరగను. ఆయన చూపు ఎప్పుడూ ఎదుటివాళ్ళ చేతుల మీద ఉండేది.

"బతికున్నన్నాళ్ళూ మన షాపు గడప తొక్కలేదు. పోయాక మాత్రం తలెత్తే తీరిక లేకుండా పని పంపించాడు మహానుభావుడు," అన్నాడు బాబాయి. ఎగతాళికి అనలేదు. ఆయనకి ఇంకో రకంగా గౌరవించడం రాదు.

మా అమ్మకీ నాన్నకీ పుట్టుకతోనే వినపడదు. ఇద్దరూ ప్రింటింగ్ ప్రెస్‌లో బైండింగ్ పని చేస్తారు. అమ్మ అచ్చయిన కాగితాలు మడుస్తుంది, నాన్న కటింగ్ మిషన్ మీద ఉంటాడు. ఆ మిషన్ల రొదకి అందరి చెవులూ పోతాయి, మాకు పోయేదేముంది అనేది నాన్న పాత జోకు. బైండింగ్ బల్ల దగ్గర పనిచేసేవాళ్ళలో చాలామంది వీళ్ళలాంటివాళ్ళే. నన్ను మాత్రం మాటలు వినపడే ఇంట్లో పెరగాలని పల్లెకి, అమ్మమ్మ దగ్గరకి పంపించారు. పదో తరగతి దాకా అక్కడి బళ్ళోనే చదివాను. చేతులతో మాట్లాడడం సెలవులకి వచ్చినప్పుడల్లా నేర్చుకున్నదే. నా సైగలకి పల్లెటూరి యాస ఉందంటాడు నాన్న.

బిషప్ గారు ఆ భాష నేర్చుకున్నది కూడా మా ప్రెస్సులోనే. అప్పటికి ఆయన మామూలు గురువు, గుళ్ళో ఫాదర్. ప్రార్థనల పుస్తకం అచ్చువేయించడానికి వచ్చి, బైండింగ్ బల్ల చుట్టూ చేతులు ఆడుతుంటే చూసి నిలబడిపోయారట. ఆ తరవాత పనేమీ లేకపోయినా భోజనాల వేళకి వచ్చి కూర్చునేవారు. వీళ్ళు మొదట నేర్పింది బూతులే. ఆయన వాటిని మంచిమాటలనుకుని మఠం పెద్దమ్మగారి ముందు ప్రదర్శించారని నాన్న ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. కొన్నాళ్ళకి ఆయన గుడి పక్కనున్న చిన్న గదిలో వీళ్ళు తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం వినడం మొదలుపెట్టారు. మామూలుగా అందరూ దానికి వెళ్ళే చెక్కపెట్టెలో గురువుకీ మనకీ మధ్య జాలీ అడ్డం ఉంటుంది, చీకటిగా ఉంటుంది. చీకట్లో మాకు నోరుండదు అనేది అమ్మ. ఆ గదికి పెద్ద కిటికీ ఉంది. ఆయన దాన్ని బార్లా తెరిచి, అంగీ చేతులు మోచేతులదాకా మడుచుకుని కూర్చునేవారు. బిషప్ అయ్యాక కూడా నెలకి ఒక శనివారం దానికోసమే వచ్చేవారు.

అమ్మ ఆయనకి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

ఆయన పోయిన కొద్ది రోజులకే, అమ్మ కడుపులో ఉన్న గడ్డకి ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పింది. వానలు మొదలయ్యేలోపు చేసేద్దాం అంది. గుండె అంత బలంగా లేదు, మత్తు ఇచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి అని కూడా అంది. నేనది అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. మెత్తగా చెప్పడానికి సైగల్లో నాకు అంత నేర్పు లేదు.

అమ్మ చేతిలోని రిపోర్టు మడిచి పక్కన పెట్టింది. "ముందు నేను చెప్పుకోవాలి," అంది చేతులతో. "చెప్పుకోకుండా ఆపరేషన్ బల్ల ఎక్కను."

---

సంస్మరణ సభకి బైండింగ్ వాళ్ళందరం వెళ్ళాం. మాకు పక్కన ఒక వరస ఇచ్చారు. నేను వాళ్ళకి ఎదురుగా, వేదికకి వీపు పెట్టి నిలబడి, వినపడింది వినపడినట్టు చేతులతో చెబుతూ ఉన్నాను. ఒకాయన బిషప్ గారు కట్టించిన బళ్ళ గురించి చెప్పాడు. ఇంకొకాయన, వరదలప్పుడు ఆయన గుడి తలుపులు అందరికీ తెరిచి తాను వరండాలో పడుకున్న సంగతి చెప్పాడు. ఒక పెద్దమనిషి ఆయన మౌనం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆయన మౌనంలోనే మహాసముద్రాలున్నాయి అన్నాడు.

అమ్మ నన్ను ఆపింది. "వీళ్ళు ఎవరి గురించి చెబుతున్నారు?"

"బిషప్ గారి గురించే."

"ఆయన ఒక్క క్షణం చేతులు ఊరుకోనిచ్చేవాడా?"

"వాళ్ళు చెప్పేది పటంలో ఆయన గురించి," అన్నాడు నాన్న. "క్యారమ్స్‌లో దొంగాట ఆడేవాడని ఎవరైనా చెబుతారేమో చూడు. అప్పుడు నమ్ముతాను."

వరసంతా భుజాలు కదిలేలా నవ్వింది. వెనకవాళ్ళలో ఒకావిడ, పాపం చెవిటివాళ్ళు ఏడుస్తున్నారనుకుని, మంచినీళ్ళ సీసా అందించింది. నేను అందుకుని థ్యాంక్స్ చెప్పాను. సముద్రాల దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. చేతులు వాటంతట అవే కదులుతున్నాయి. లోపల ఏమీ కదలడం లేదు.

---

మా విచారణకి, అంటే మా గుడి కింది ఊళ్ళన్నిటికీ, కొత్తగా వచ్చిన గురువుని అందరూ చిన్న ఫాదర్ అంటారు. అమ్మ విషయం చెప్పగానే ఆయనే మా ఇంటికి వచ్చారు. కుర్చీలో అంచునే కూర్చుని, అమ్మ చెల్లెలు మా పిన్ని ఇచ్చిన టీ చల్లారేదాకా చేత్తో పట్టుకున్నారు. మంచివారు. ఏం చెయ్యాలో తెలియకపోవడం ముఖంలో కనపడేది, దాచుకునేవారు కాదు.

"రాసిస్తే చాలమ్మా," అన్నారు. "చదివి అక్కడికక్కడే చింపేస్తాను."

అమ్మకి కాస్తో కూస్తో రాయడం వచ్చు. నేను చెప్పింది చూసి తల అడ్డంగా ఊపింది. "పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కాగితాల్లోనే ఉన్నాను. చింపిన కాగితం ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నా పాపాల్లో బఠానీలు కట్టి అమ్ముతారు."

ఫాదర్ గారు నవ్వాలో వద్దో తెలియక నావైపు చూశారు.

"అసలు దానికి పాపాలెక్కడివండీ," అంది పిన్ని. పిన్నికి వినపడుతుంది, వినపడడం కంటే మాట్లాడడం ఎక్కువ. "నోరుంటే కదా పాపాలు. నా పాపాల్లో ముప్పాతిక వంతు నోటివే."

"ఇంకో దారి ఉంది," అన్నారు ఫాదర్ గారు. "మధ్యలో ఒక మనిషి ఉండి అర్థం చెప్పవచ్చు. తిరుసభ నియమాలు ఒప్పుకుంటాయి. కానీ ఆ మనిషి కూడా గురువులాగే, విన్నది ఎక్కడా బయటపెట్టకూడదు. ఎప్పటికీ."

"నేనున్నానుగా," అంది పిన్ని.

అమ్మ నాలుక చాపింది. దాని మీద నువ్వుగింజ పెట్టినట్టు చేసి, వెంటనే ఆ చేతిని ఊరంతా తిప్పింది. అనువదించాల్సిన పని లేకపోయింది. పిన్ని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళి, అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడిగింది.

ఫాదర్ గారు నావైపు చూశారు. నాన్న కూడా చూశాడు.

"దీనితో వద్దు," అంది అమ్మ.

నాకు ఊపిరి తేలికైంది. పైకి కనపడనివ్వలేదు.

"అలాగైతే మనసులో దేవుడితో చెప్పుకున్నా సరిపోతుందని చెప్పమ్మా," అన్నారు ఫాదర్ గారు. చెప్పాను. అమ్మ ఆయన వైపు తిరిగి, నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు పెద్ద పెద్ద సైగలతో చెప్పింది. నేను పక్కన నిలబడి పలికాను.

"దేవుడికి నా చేతులు కనపడతాయి. మరి నాకు ఎవరి చేతులు కనపడాలి?"

ఆయన టీ తాగేసి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "నేను కూడా నేర్చుకుంటాను," అన్నారు. "ఫోన్లో వీడియోలున్నాయి."

---

మామూలుగా బిషప్ గారు వచ్చే శనివారం నాడు అమ్మ ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. ఆయన లేరు కదా అని నేననలేదు. తనకీ తెలుసు. వెంట వెళ్ళాను.

ఆ గది తాళం తీసే ఉంది. లోపల ఒక మఠకన్య గుడ్డతో అద్దాలు తుడుస్తోంది. గదిని ఆయన గుర్తుగా భద్రం చేస్తున్నారట. ఆయన కుర్చీ చుట్టూ ఎర్రటి తాడు కట్టారు. గాజు పెట్టెలో కళ్ళద్దాలు, చెప్పులు, జపమాల. గోడకి మా షాపులో కట్టిన పటం. ఆ పటానికి మూల అతుకు కాస్త ఎడంగా వచ్చింది, నేను కట్టిందే. ఎండకి వస్తువులు వెలిసిపోతాయని కిటికీ మూసేసి, దాని మీద మందపాటి తెర వేశారు. ట్యూబులైటు వెలుగుతోంది.

"చూడండమ్మా, చూడండి. ముట్టుకోవద్దు అంతే," అంది మఠకన్య.

అమ్మ ఏ వస్తువునీ చూడలేదు. తెర వైపే కాసేపు చూసి బయటికి వచ్చేసింది.

బస్ స్టాప్‌లో బెంచీ మీద కూర్చున్నాం. రెండు బస్సులు వదిలేసింది. తరవాత నా మోకాలు తట్టింది.

"నువ్వే రా."

"వద్దన్నావుగా."

"వద్దనే ఉంది. ఇంకెవరున్నారు?"

"నాకూ వద్దు," అన్నాను.

అమ్మ నా చేతులను, అవి ఆ మాట అన్న తరవాత కూడా, ఇంకేమైనా అంటాయేమోనని చూస్తూ ఉంది. వాటిని ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఇద్దరికీ వద్దు," అంది. "అయినా రా."

మూడో బస్సు ఎక్కాం.

---

ఆసుపత్రిలో చేరాల్సిన రోజుకి ముందురోజు పొద్దున వెళ్ళాం. నాన్నా పిన్నీ బయట వరండాలో కూర్చున్నారు. చిన్న ఫాదర్ తన గదిలో కిటికీ తెరిచి, మూడు కుర్చీలు వేసి ఉంచారు. ఊదారంగు పట్టీ మెడలో వేసుకుని, నాతో, "ఇక్కడ విన్నది ఇక్కడే," అన్నారు. నేను తలూపాను.

అమ్మ చేతులు లేచాయి.

"అమ్మ అంటోంది, తను చాలా రోజులుగా..." అని మొదలుపెట్టాను.

ఫాదర్ గారు చెయ్యెత్తారు. "అలా కాదమ్మా. ‘నేను’ అనే చెప్పు. నువ్వు మధ్యలో లేనట్టే."

కాబట్టి ‘నేను’ అనే చెప్పాను. అమ్మ చేతులు చెప్పినవన్నీ నా నోటితో, నేను చేశాను, నేను అన్నాను, నేను అనుకున్నాను అని వరసగా చెప్పాను. నా గొంతు రైల్వే స్టేషన్‌లో అనౌన్స్ చేసే గొంతులా ఉంది. అందులో నేను లేను. అది కష్టమనుకున్నాను గానీ, ఆ రోజుల్లో నేను దేంట్లోనూ లేను కాబట్టి సులువుగానే జరిగింది.

ఏం చెప్పిందో ఇక్కడ రాయను. ఎటు చూస్తూ చెప్పిందో రాస్తే తప్పు కాదనుకుంటాను. మొదటి నుంచీ ఫాదర్ గారినే చూస్తూ చెప్పింది, బిషప్ గారి దగ్గర అలవాటు అది. చివరికి వచ్చేసరికి మాత్రం కుర్చీలో నావైపు తిరిగింది. ఒక్క సంగతి నన్ను చూస్తూ చెప్పింది.

నా నోరు ఆగిపోయింది.

"ఏమంటున్నారమ్మా?" అన్నారు ఫాదర్ గారు.

కిటికీ బయట ఎవరో చీపురుతో ఎండాకులు ఊడుస్తున్నారు. ఆ చప్పుడు అమ్మకి వినపడదు. నాకు వినపడుతోంది. తరవాత అమ్మ చెప్పింది చెప్పినట్టు, ‘నేను’ అని మొదలుపెట్టి, ఒక్క మాట తగ్గించకుండా పలికాను.

అమ్మ చేతులు ఒళ్ళోకి దిగాయి. ఫాదర్ గారు పాపవిమోచన ప్రార్థన చెప్పారు, తొందర లేకుండా, ప్రతి మాటా విడివిడిగా. చెప్పడం అయ్యాక, అమ్మ చూసేలా ముందుకి వంగి, ఒక అరచేతిని రెండో అరచేతితో మెల్లగా తుడిచారు. క్షమించడానికి అదే సైగ. వీడియోల్లో ఉండేదీ అదే. చక్కగా నేర్చుకున్నారు.

అమ్మ కదల్లేదు. ఇంకా ఆయన చేతులనే చూస్తోంది.

ఆయన మళ్ళీ చేశారు. అమ్మ కళ్ళలో ఎదురుచూపు అలాగే ఉంది. డాక్టరమ్మ రిపోర్టు చదువుతున్నంతసేపూ కూడా అలాగే చూసింది.

నాకప్పుడు తెలిసింది. బిషప్ గారు తొలిరోజుల్లో ఆ సైగని తప్పుగా నేర్చుకున్నారు. తుడవాల్సిన చేతిని నిలువుగా పెట్టి, అంచుతో రెండో అరచేతి కొసమీదుగా కిందికి దించేవారు. బైండింగ్ బల్ల దగ్గర దానికి కటింగ్ అయిపోయిందని అర్థం. మడత, కుట్టు, అట్ట అన్నీ అయ్యాక ఎగుడుదిగుడుగా ఉన్న అంచులు మూడువైపులా కోసేస్తారు. ఇంక ఈ పుస్తకానికి పనేం లేదు, తీసుకెళ్ళొచ్చు అని చెప్పడానికి నాన్న మిషన్ దగ్గర నుంచి ఆ సైగ చేస్తాడు. ఒక మనిషి తన పాపాలన్నీ చెప్పుకున్నాక గురువుగారు గంభీరంగా ఆ సైగ చేసేసరికి, మొదట్లో వీళ్ళు బయటికి వచ్చి ఒకరికొకరు చెప్పుకుని పడీ పడీ నవ్వారట. చెబితే దిద్దుకుంటాడని ఎవరూ చెప్పలేదు. ఆ తరవాత ఆయన బిషప్ అయ్యారు, చెప్పే దారి లేకపోయింది. ఆ తరవాత నవ్వూ పోయింది. అమ్మకి క్షమ అంటే అదే, ఇంకోటి లేదు.

"అది కాదు, ఫాదర్ గారూ," అన్నాను. "బిషప్ గారు వేరేగా చేసేవారు."

"ఇదే సరైనదమ్మా. నేను రెండు మూడు చోట్ల చూశాను."

"అవును, మీదే సరైనది. ఆయనదే తప్పు. కానీ అమ్మకి అదే తెలుసు."

ఆయన నొచ్చుకోలేదు. "ఎలాగో చూపించు," అన్నారు.

చూపించాను. ఎడమ అరచెయ్యి చాపి, కుడిచెయ్యి నిలువుగా పెట్టి, అంచు మీదుగా కిందికి దించాను. ఆయనకి చూపించాలనే చేశాను. ఆయన వైపే చూస్తూ చేశాను.

పక్కన అమ్మ తల వంచింది. శిలువ గుర్తు వేసుకుంది. కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా లేచి, తలుపు వైపు నడిచింది.

ఫాదర్ గారు చేతులు సరిచూసుకుని అదే సైగ చేశారు, అమ్మ వీపుకి. అమ్మ అప్పటికే గడియ తీస్తోంది.

"చూశారా ఆవిడ?" అన్నారు.

"చూసింది," అన్నాను.

"ప్రార్థన నేను ముందే చెప్పేశాను కదా. దాని గురించి అనుమానం ఏమీ లేదు," అన్నారు. నాకు చెబుతున్నారో, తనకి చెప్పుకుంటున్నారో తెలియలేదు.

వరండాలో పిన్ని నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "ఇంతసేపేమిటే? ఒక్కటి చెప్పు. పెద్దదొద్దు, చిన్నది."

"ఎండెక్కుతోంది పిన్నీ, పద."

"నీకూ చేతులే నోరు అయ్యాయి," అంది పిన్ని. ఆ రోజు నాకు అవి కూడా లేవు. ఇంటికి వెళ్ళేదాకా చున్నీలో చుట్టుకుని కూర్చున్నాను.

---

ఆపరేషన్‌కి ముందు అమ్మ రెండు చేతులకీ సూదులు పెట్టి, కదలకుండా ప్లాస్టర్లు వేశారు. అంటే నోరు కట్టేసినట్టే. స్ట్రెచర్ మీద లోపలికి తోస్తుంటే అమ్మ నావైపు చూసింది. నేను ఏమైనా అనాల్సింది. నా చేతులు ఖాళీగానే ఉన్నాయి. నాన్న, జాగ్రత్త అని, మేమిక్కడే ఉంటాం అని, బయటికి రాగానే క్యారమ్స్ అని ఏవేవో చేస్తూ స్ట్రెచర్ వెంట గుమ్మందాకా నడిచాడు. తలుపులు మూసుకున్నాక కూడా కాసేపు తలుపుతో మాట్లాడాడు.

గుండె తట్టుకుంది. డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. పిన్ని ఏడ్చింది. నాన్న డాక్టరమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. నేను మందుల షాపుకి వెళ్ళాను.

అమ్మని ఇంటికి తీసుకొచ్చిన నాటికి వానలు పడుతున్నాయి. షాపులో బిషప్ గారి పటాలు అడిగేవాళ్ళు తగ్గారు. బాబాయి మిగిలిన ఫొటోలను అట్టల వెనక సర్దేశాడు. అమ్మ ఇంక ప్రెస్సుకి వెళ్ళకూడదన్నారు. ఆ బల్ల దగ్గర అమ్మ చోటులో ఇంకొకరు కూర్చున్నారని నాన్న ఒకరోజు మామూలుగా చెప్పాడు. అమ్మ మామూలుగానే చూసింది.

సూదులు పెట్టిన చోట కమిలిన మచ్చలు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. అంతవరకూ అమ్మ తక్కువ మాట్లాడింది. మంచినీళ్ళు, మందు, పక్కకి తిప్పు. అంతే.

ఒక మధ్యాహ్నం నాన్న పనికి వెళ్ళాడు, పిన్ని బజారుకి వెళ్ళింది. నేను అమ్మ మంచం పక్కన కూర్చుని దుప్పటి మడతపెడుతున్నాను. అమ్మ నా మోచెయ్యి తట్టింది.

"ఆ రోజు కటింగ్ చేసింది ఎవరు?" అని అడిగింది. "ఫాదరా, నువ్వా?"

ఏ రోజని నేను అడగలేదు.

ఫాదర్ అని చెప్పొచ్చు. ఆయన కూడా చేశారు, అమ్మ చూడలేదంతే. ఆయనకి నేర్పడానికే నేను చేశానని కూడా చెప్పొచ్చు. అది అబద్ధం కాదు. అమ్మ నావైపు తిరిగి చెప్పిన ఆ ఒక్క సంగతి అప్పటికీ నాలో ఎక్కడుందో వెతికితే దొరికేది కాదు. కోపం ఉందేమోనని చూశాను. జాలి ఉందేమోనని చూశాను. దుప్పటి సగం మడత చేతిలో ఉంది.

దాన్ని ఒళ్ళో పెట్టి, వేలు నా గుండె మీద ఆనించాను.

నేను.

అమ్మ ఆ వేలిని చూసింది. తరవాత తలూపింది. ఫ్యాను కాస్త తగ్గించమంది. లేచి తగ్గించాను.